మోకాలి లిగమెంట్ దెబ్బేమో అన్నప్పుడు: నీ-క్యాపా, లాంగ్ బ్రేసా, హింజ్ బ్రేసా?

గత శ్రావణంలో మా తమ్ముడు విజయవాడ పటమటలో షటిల్ ఆడుతూ మోకాలు మెలిపడి కూలబడ్డాడు. లోపల టప్పుమన్న శబ్దం వాడికే వినిపించిందట. రెండు గంటలు తిరక్కుండా మోకాలు కొబ్బరికాయంత ఉబ్బింది. "అక్కా, ఏదో ఒక బెల్టు తెచ్చిపెట్టు, రేపు ఆఫీసుకి పోవాలి" అన్నాడు. ఆ తర్వాత రెండు నెలల్లో మూడు రకాలూ వాడి చూశాం. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరు బండి మీంచి పడినా ఫోన్ నాకే వస్తుంది: "ఏది కొనమంటావు?"

కొనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు మడవలేకపోయినా, చిప్ప మీద గానీ మోకాలి కింద బయటి పక్క ఎముక మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా, వయసు 55 నిండినా ముందు ఎక్స్‌రే తీయించాలి. పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, మోకాలు పక్కకి జరిగినట్టు కనిపించినా బెల్టు మాట వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నారని ఊరుకోకండి. ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంట్ అందులో కనపడదు, దానికి డాక్టరు చేత్తో చేసే పరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ కావాలి.

మొదట నీ క్యాప్, అంటే మోకాలి తొడుగు. సాక్సులా పైకి లాగి తొడుక్కునేది. ఏ మందుల షాపులోనైనా కొన్ని వందలకే దొరుకుతుంది కాబట్టి అందరూ కొనేది ఇదే. వాపుని కాస్త పట్టి ఉంచుతుంది, కాలికి వెచ్చగా ఉంటుంది. అంతకు మించి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. ఎముకలు పక్కకి జారకుండా ఆపే బలం ఆ గుడ్డకి లేదు. పైగా వాచిన మోకాలి మీదుగా లాగి తొడగడం నరకం. తొడిగాక ధైర్యం వచ్చి మళ్లీ ఆటకి దిగుతారు, నాకు భయం అక్కడే. క్రేప్ బ్యాండేజీ కూడా ఈ కోవలోదే. మొదటి రెండు రోజులు ఐస్‌తో పాటు కట్టుకోవచ్చు.

రెండోది తొడ నుంచి పిక్క దాకా కాలిని కర్రలా నిలబెట్టే లాంగ్ నీ బ్రేస్. ఆ రాత్రి సూర్యారావుపేటలో ఒక షాపువాళ్లు కొలత కూడా తీయకుండా ఇదే చేతిలో పెట్టారు. కాలు మోపితే మోకాలు తప్పుకుంటోంది అనేవాళ్లకి, డాక్టరు చూసేదాకా ఇది మంచి ఆసరా. ఆటోలో కాలు చాపి కూర్చోబెట్టాలి, ఇంట్లో వెస్ట్రన్ టాయిలెట్ లేకపోతే కష్టం, అయినా ఆ మొదటి రోజుల్లో వాడికి నిద్ర పట్టింది దీనివల్లే. మా తప్పు తర్వాత జరిగింది. వాపు దిగాక ఎంఆర్ఐ తీయిద్దాంలే అని మూడు వారాలు అలాగే ఉంచేశాం. ఆ బ్రేస్ ఎప్పుడు విప్పాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తీసేసరికి తొడ కండ సగం కరిగిపోయింది, మోకాలు బిగుసుకుపోయి మడవడానికి ఏడిపించింది. ఇది పెట్టుకున్నా పాదం పైకీ కిందకీ ఆడించడం, తొడ కండ బిగించి వదలడం చేయొచ్చని ఫిజియో దగ్గరికి వెళ్లాకే తెలిసింది. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి.

ఎంఆర్ఐలో మోకాలి నడిమధ్యన ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందని, లోపలి పక్కనుండే ఎంసీఎల్ అనే లిగమెంట్ కొంత చిరిగిందని తేలింది. ముందు ఎంసీఎల్ మానాలి, మోకాలు పూర్తిగా చాచి మడవగలగాలి, ఆపరేషన్ సంగతి ఆ తర్వాత అన్నారు డాక్టరు గారు. అప్పుడు రాసిచ్చింది హింజ్ బ్రేస్, షాపుల్లో పక్కన రాడ్లున్న బెల్టు అంటే ఇస్తారు. ఖరీదు నీ క్యాప్‌కి కొన్ని రెట్లు. నా ఓటు దీనికే. రెండు పక్కలా ఉన్న రాడ్లు మోకాలిని పక్కకి వంగనివ్వవు, మధ్యలో కీలు ఉంటుంది కాబట్టి నడుస్తుంటే మోకాలు మామూలుగా ముడుచుకుంటుంది. పక్క లిగమెంట్లు మానడానికి కావలసింది సరిగ్గా అదే. ఏసీఎల్‌ని మాత్రం ఏ బెల్టూ అతికించలేదు, మెలికనీ పూర్తిగా ఆపలేదు. ఇది వేసుకున్నానని ఆటకి దిగకూడదు.

అయితే రాడ్డు ఉండడం ఒక్కటే చాలదు, అది ఉండాల్సిన చోట ఉండాలి. కీలు చిప్ప మధ్యకి సరిగ్గా పక్కన ఉండాలి. తొడ కిందికి సన్నబడుతుంది కాబట్టి బెల్టు నాలుగు అడుగులకే జారుతుంది. రెండంగుళాలు జారితే ఆ రాడ్డు మోకాలికి ఎదురు తిరుగుతుంది. మావాడికి లాగి తొడిగే రకం తెస్తే ఇదే జరిగింది. మార్చి, ముందు తెరుచుకుని పట్టీలతో బిగించే రకం తెచ్చాం. వాపు పెరిగినా తగ్గినా దాన్ని సర్దుకోవచ్చు. మోకాలి కింది పట్టీ ముందు బిగించి తర్వాత తొడ పట్టీ బిగిస్తే జారడం బాగా తగ్గింది. ప్యాంటు మీద కాదు, లోపల ఒంటికే వేసుకోవాలి. మన ఉక్కలో చెమటకి దద్దుర్లు వస్తాయి, అందుకే ఇంట్లో కూర్చున్నప్పుడు తీసి ఆరబెట్టేవాడు, డాక్టరు ఒప్పుకున్నాకే.

డయల్ తిప్పి ఎంత మడవాలో లాక్ చేసే ఆర్‌ఓఎం బ్రేస్ కూడా ఉంది. అది ఎక్కువగా ఆపరేషన్ తర్వాత డాక్టరు చెబితే వాడేది, మనంతట మనం కొనేది కాదు.

షాపుకి టేపు తీసుకెళ్లండి. తొడ ఎక్కడ కొలవాలో కంపెనీకో రకంగా ఉంటుంది, డబ్బా మీద బొమ్మ చూసి అక్కడే కొలవండి. డబ్బు కట్టేముందు తొడిగి, కూర్చుని లేచి, పది అడుగులు వేసి, కీలు ఇంకా చిప్ప పక్కనే ఉందో లేదో చూసుకోండి. జారితే సైజు మార్చి ఇమ్మనండి.