హాలో ఫైబర్ బయోరియాక్టర్: రెండేళ్లు వాడాక

ఇది సన్నటి బోలు ఫైబర్ల కట్ట: ఫైబర్ల లోపల మీడియం, అంటే పోషక ద్రవం, పారుతుంటే వాటి చుట్టూ కణాలు పెరుగుతాయి. ఆ కణాలు వదిలే వెసికిల్స్ అనే అతిచిన్న సంచుల కోసం మేం దీన్ని వాడతాం. దీని మీద నాకున్న కోపమంతా ఒక్కటే: లోపల కణాలు కనిపించవు. ఫ్లాస్కులో అయితే మైక్రోస్కోప్ కింద పెట్టగానే వాటి సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ మీడియంలో గ్లూకోజ్ ఎంత తగ్గిందో రోజూ కొలిచి, బతికే ఉన్నాయిలే అనుకోవాలి.

మొదటి ఆరు నెలలు కనిపించిన వాళ్లందరి దగ్గరా దీన్ని తెగ పొగిడాను. అబద్ధమేమీ చెప్పలేదు. గ్లూకోజ్, ఆక్సిజన్ ఫైబర్ గోడలోంచి అటూ ఇటూ పోతాయి, వెసికిల్స్ మాత్రం దూరలేక కణాల వైపే పోగవుతాయి. లీటర్లకు లీటర్లు మీడియం వడగట్టే చాకిరీ తప్పి, 20 మిల్లీలీటర్ల చిక్కటి సరుకు సిరంజిలోకి వచ్చేస్తుంది.

ఆ ఉత్సాహంలోనే ఒక బ్యాచ్‌కి సీరం (కణాల పోషణకు మీడియంలో కలిపేది) పూర్తిగా మానేశాను. ఐదో రోజు తీసిన దాంట్లో పార్టికిల్ కౌంట్ ఏకంగా రెట్టింపు! ఆగలేక ఆ సాయంత్రమే మా మేడమ్‌కి గ్రాఫ్ పంపేశాను. రెండు రోజులకు వెస్టర్న్ బ్లాట్ (ఏ ప్రొటీన్లున్నాయో చూపే పరీక్ష) వచ్చింది. వెసికిల్స్‌కి గుర్తయిన సీడీ63 ప్రొటీన్ ఉంది, బాగానే ఉంది. పక్క వరసలో కాల్నెక్సిన్ కూడా లావుగా కూర్చుంది. అది కణం లోపలి ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) అనే భాగంలో ఉండే ప్రొటీన్, శుభ్రమైన వెసికిల్స్‌లో దానికేం పని? నోట్‌బుక్ తిరగేస్తే, గ్లూకోజ్ వాడకం మూడు రోజులుగా పడిపోతూనే ఉంది. కణాలు కుదురుకున్నాయని రాసుకున్నాను నేను! అతుక్కున్న కణాలను ఊడదీసే ట్రిప్సిన్‌తో కడిగి తీసి, చచ్చినవాటికే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేస్తే ఎక్కడ చూసినా నీలమే. చచ్చిన కణాల తుక్కును కూడా పార్టికిల్స్ లెక్కపెట్టే ఎన్‌టీఏ యంత్రం లెక్కేసింది. ఆ సైజులో కాంతిని చెదరగొట్టేది ఏదైనా దానికి పార్టికిలే కదా.

అప్పటి నుంచి కౌంట్‌తో పాటు ప్రొటీన్ కూడా కొలిచి, సరుకు ఎంత శుభ్రమో తెలిసేలా మైక్రోగ్రాము ప్రొటీన్‌కు ఎన్ని పార్టికిల్స్ వచ్చాయో చూడందే ఎవరికీ ఏమీ పంపడం లేదు. ఇంకో సంగతి, దీన్ని పొగిడే రోజుల్లో దిగుబడి పెరిగిందని నేను చెప్పిన మాట కూడా కొంచెం సవరించుకోవాలి. లోపల ఎన్ని కణాలున్నాయో నడుస్తుండగా లెక్కపెట్టలేం. అలాంటప్పుడు ఒక్కో కణం ఎక్కువ వదులుతోందా, కణాలే ఎక్కువయ్యాయా అన్నది నాకెలా తెలుస్తుంది?

మాది ఇద్దరం పనిచేసే చిన్న ల్యాబ్, ఎముక మజ్జ స్ట్రోమల్ కణాలు తప్ప వేరేవి వాడం, కావలసింది జంతు ప్రయోగాలకు సరిపడా. మాకు చాలు. తరచూ కణాలు మార్చేవాళ్లకైతే ధైర్యంగా చెప్పలేను. అదే బ్యాచ్ కణాలు రెండు ఫ్లాస్కుల్లో పక్కనే పెంచుతున్నాను. లోపలివాటి సంగతి అవి చెప్పవని తెలుసు, అయినా పొద్దున రాగానే వాటినే చూస్తాను.