టకోమా 4x4 కి ఇంట్లోనే డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ మార్చాను: టొయోటా ఆయిళ్ళ మీద, చేతి పంపు మీద నా రివ్యూ

మా బండి టొయోటా వాళ్ళ పికప్ ట్రక్కు, మూడో తరం టకోమా, 3.5 లీటర్ వీ6, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్, ఆటోమేటిక్. ఉండేది డెన్వర్ దగ్గర, కాబట్టి చలికాలం ఐ-70 మీద మంచు, ఎండాకాలం కొండల మీద మట్టి రోడ్లు, మధ్యలో ట్రెయిలర్ లాగడం అన్నీ దీంతోనే. అరవై వేల మైళ్ళు దాటింది కదా అని మూడు ఆయిళ్ళూ ఒకేసారి మార్చేసాను, ఫ్రంట్ డిఫ్, రియర్ డిఫ్ (డిఫరెన్షియల్, అంటే యాక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్ల పెట్టె), ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే పవర్ ని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచేది). వాడినవి టొయోటా డిఫరెన్షియల్ గేర్ ఆయిల్ ఎల్‌టీ 75డబ్ల్యూ-85, టొయోటా ట్రాన్స్‌ఫర్ గేర్ ఆయిల్ ఎల్ఎఫ్ 75డబ్ల్యూ, ఇంకా బాటిల్ మూతి మీద బిగించుకునే మామూలు చేతి పంపు. ఈ మూడింటి గురించే రాస్తున్నా. ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఈ ట్రక్కులు కొంటున్నారు, ఇంజిన్ ఆయిల్ మాత్రం ఠంచనుగా మార్పిస్తారు, కింద ఇంకో మూడు చోట్ల ఆయిల్ ఉందని ఎవరూ చెప్పరు.

ముందు ట్రాన్స్‌ఫర్ ఆయిల్ సంగతి, ఎందుకంటే డబ్బులు ఎక్కువయ్యేది దీనికే. ఒక లీటర్ డబ్బా ధర చూసి నాకు గుండె ఆగినంత పనైంది, ఆ డబ్బుతో మంచి సింథటిక్ గేర్ ఆయిల్ రెండు మూడు క్వార్ట్లు వస్తాయి. అయినా కొన్నాను, మళ్ళీ మార్చాల్సి వచ్చినా ఇదే కొంటాను. ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల పని వేరు, డిఫరెన్షియల్ లోపల పని వేరు. డిఫ్ లో హైపాయిడ్ గేర్లు, అంటే పినియన్ పళ్ళు రింగ్ గేర్ పళ్ళ మీద దొర్లడమే కాదు గట్టిగా జారుతూ రాసుకుంటాయి, ఆ ఒత్తిడికి తట్టుకోవడానికే జీఎల్-5 అనే రకం గేర్ ఆయిల్ లో సల్ఫర్, ఫాస్ఫరస్ ఉన్న అడిటివ్స్ దండిగా కలుపుతారు, ఆ గబ్బు వాసన దాందే. ట్రాన్స్‌ఫర్ కేస్ లో ఉండేవి చెయిన్, 4ఎల్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే తక్కువ స్పీడు గేరు) కోసం ప్లానెటరీ గేర్లు, లోపలికి వెలుపలికి జరిగే స్లీవులు, వీటికి పల్చటి ఆయిల్ కావాలి, అందుకే మాన్యువల్ లో ఒట్టి 75డబ్ల్యూ అని రాసాడు. డిఫ్ కి తెచ్చిన దాంట్లో మిగిలిందే ఇందులోనూ పోసేద్దాం అనుకునేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, పట్టేది ఒక్క లీటరే, ఆ ఒక్క లీటర్ దగ్గర కక్కుర్తి పడి చలికాలం పొద్దున్నే 4హెచ్ (మామూలు స్పీడులో నాలుగు చక్రాల డ్రైవ్) వెయ్యబోతే డాష్ మీద లైటు మిణుకు మిణుకుమంటూ ఎంగేజ్ అవ్వకపోతే ఎవరికి నష్టం?

ఇంకో ఇబ్బంది ఏంటంటే మాన్యువల్ ప్రకారం ట్రాన్స్‌ఫర్ కేస్ కెపాసిటీ ఒక లీటర్, అంటే దాదాపు 1.1 క్వార్ట్, డబ్బాలో వచ్చేదీ లీటరే. ఒలకబోస్తే చాలదు. పాతది మొత్తం కారిపోదు, కొంచెం లోపలే ఉండిపోతుంది కాబట్టి మామూలుగా సరిపోతుంది, నాకు ఆయిల్ పోసే ఫిల్ హోల్ అంచు దగ్గరికి వచ్చి చుక్క చుక్కగా కారేసరికి డబ్బా అడుగున కొంచెమే మిగిలింది. ఇంత రేటు పెట్టి అమ్మేటప్పుడు ఒక వంద మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తే ఏం పోయింది అనిపించింది నాకైతే. దీనికి ఒక స్టార్ తగ్గిస్తున్నా.

ఇక డిఫరెన్షియల్ ఆయిల్, ఎల్‌టీ 75డబ్ల్యూ-85. ఆయిల్ బాగుంది, ఏ కంప్లయింటూ లేదు, కానీ దీనికి టొయోటా పేరే ఉండాలని నేననను. మాన్యువల్ లోనే ఇది గానీ దీనికి సమానమైంది గానీ అని ఉంది, జీఎల్-5 అయి అదే గ్రేడ్ అయితే పేరున్న కంపెనీ సింథటిక్ ఏదైనా హాయిగా వాడుకోవచ్చు. ఫ్రంట్ కి క్వార్టున్నర పడుతుంది, రియర్ కి లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేది) ఉందా లేదా, ఏ యాక్సిల్ అనేదాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ బండి మాన్యువల్ తీసి చూసుకోండి, ఎవరో చెప్పిన లెక్క నమ్మొద్దు. ఒక బాటిల్ ఎక్కువే కొనుక్కోండి, సగం పోసాక మళ్ళీ షాపుకి పరిగెత్తడం కంటే నయం.

చేతి పంపు మాత్రం ఈ మొత్తంలో తక్కువ ఖరీదు, ఎక్కువ ఉపయోగం. మూడు ఫిల్ హోల్సూ పక్కకి ఉంటాయి, పైనుంచి బాటిల్ వంచి పొయ్యడానికి చోటుండదు, పంపు లేకపోతే ఈ పని నరకం. అమెరికన్ క్వార్ట్ బాటిల్ మూతికి ఇది సరిగ్గా బిగుసుకుంటుంది, టొయోటా లీటర్ డబ్బాకి బిగుసుకోదు, అందుకని ఖాళీ అయిన శుభ్రమైన బాటిల్ లోకి ఒంపుకుని పంపు చేసాను. పైపు చివర వంపు లేదు, ఒక చేత్తో పైపు పట్టుకుని ఇంకో చేత్తో నొక్కుతుంటే పైపు జారి మొహం మీదకి వస్తుంది, ఆ వాసన రెండు రోజులు పోదు, కాబట్టి పైపుని ఒక జిప్ టై తో ఫ్రేమ్ కి కట్టెయ్యండి. చల్లటి ఆయిల్ ఈ పంపుతో కదలదు, బాటిళ్ళని ముందు బకెట్ వేడినీళ్ళలో కాసేపు పెడితే తేలిగ్గా ఎక్కుతుంది. డబ్బులు పెట్టగలిగితే గాలి కొట్టి ప్రెషర్ తో పోసే పెద్ద క్యాన్ పంపులు ఉంటాయి, వంపు తిరిగిన నాజిల్ తో, రెండు మూడు బండ్లు చూసుకునే వాళ్ళకి అవి నయం. ఒక్క బండికైతే ఇది చాలు, నాలుగు స్టార్లు.

పని సంగతికొస్తే, పెద్ద కష్టం కాదు గానీ ఓపిక కావాలి. బండి కింద దూరడానికి జాకీ అక్కర్లేదు, టకోమా ఎత్తు సరిపోతుంది, పైగా నాలుగు చక్రాలూ సమానంగా నేల మీద ఉంటేనే లెవెల్ కరెక్ట్ గా తెలుస్తుంది. ముందు ఒక పది పదిహేను మైళ్ళు తిప్పితే ఆయిల్ వేడెక్కి బాగా కారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడూ ముందు ఫిల్ ప్లగ్ ఊడదీయండి, ఆ తర్వాతే కింద ఆయిల్ కార్చే డ్రెయిన్ ప్లగ్. కింద మొత్తం కార్చేసాక పై ప్లగ్ రాకపోతే బండిని కదపడానికి ఉండదు. కొలరాడోలో రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్ కి కింద బోల్టులన్నీ తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి ఇది ఊరికే చెప్తున్న జాగ్రత్త కాదు. ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి. రియర్ కి, ట్రాన్స్‌ఫర్ కేస్ కి 24 ఎంఎం సాకెట్, ఫ్రంట్ కి 10 ఎంఎం హెక్స్ బిట్. ఫ్రంట్ వి అలెన్ రకం కాబట్టి బిట్ మొత్తం లోపలికి దిగిందా లేదా చూసుకుని, లోపల మట్టి గీకేసి అప్పుడు తిప్పండి, లేకపోతే మూలలు అరిగిపోయి తర్వాత వెల్డింగ్ దాకా వెళ్తుంది వ్యవహారం.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడండి, నేను వాడిన లెక్కలు ఫ్రంట్ ఫిల్ 29, ఫ్రంట్ డ్రెయిన్ 48, రియర్ రెండూ 36, ట్రాన్స్‌ఫర్ రెండూ 27 ఫుట్ పౌండ్లు, మీ సంవత్సరం మోడల్ కి ఒకసారి సరిచూసుకోండి. ట్రాన్స్‌ఫర్ కేస్ అల్యూమినియం, బలం చూపించే చోటు కాదు అది. ఆరు ప్లగ్గులకీ ఆరు కొత్త వాషర్లు, అవి ఒకసారి నలిగితే అయిపోయినట్టే, పాతవి మళ్ళీ వేస్తే వారంలో డ్రైవ్‌వే మీద మచ్చ కనిపిస్తుంది.

బయటికొచ్చిన ఆయిల్ ని చూడకుండా పారబొయ్యొద్దు. నా రియర్ డిఫ్ ది నల్లగా చిక్కగా వచ్చింది, డ్రెయిన్ ప్లగ్ మాగ్నెట్ కి బూడిద రంగు పేస్టు పట్టి ఉంది, వేళ్ళ మధ్య రాస్తే మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదలే, ముక్కలుగా గుచ్చుకుంటే మాత్రం వెంటనే మెకానిక్ కి చూపించాలి. పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే నీళ్ళు చేరినట్టు. బోటు దింపడానికి ర్యాంప్ మీద వెనక చక్రాలు మునిగేదాకా వెళ్ళేవాళ్ళు, వాగులు దాటేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి, వేడి మీదున్న యాక్సిల్ చల్లటి నీళ్ళలో మునగగానే లోపల గాలి కుంచించుకుని నీళ్ళని లోపలికి లాగుతుంది. వెనక యాక్సిల్ మీద లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది, అది మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీల్స్ మీద పడి ఆయిల్ బ్రేకుల దాకా వస్తుంది. ఆయిల్ మార్చేటప్పుడే దాన్ని కూడా చేత్తో తిప్పి శుభ్రం చేసేసా, ఒక్క నిమిషం పని.

ఫ్రంట్ ది మాత్రం దాదాపు శుభ్రంగానే ఉంది. 2హెచ్ లో, అంటే వెనక చక్రాలకే పవర్ వెళ్ళేలా నడిపినప్పుడు ముందు వైపు ఏడీడీ అనే ఏర్పాటు ఒక యాక్సిల్ ని విడదీస్తుంది కాబట్టి రింగ్ గేర్ కి పెద్దగా పని ఉండదు. అలాగని వదిలెయ్యకూడదు, టొయోటా మాన్యువల్ నెలకి కనీసం 10 మైళ్ళు 4డబ్ల్యూడీ లో నడపమంటుంది, లోపల ఆయిల్ అన్ని భాగాలకీ అందడానికి. అది కూడా మంచు మీదో మట్టి మీదో, పొడి తారు రోడ్డు మీద కాదు, ఇది పార్ట్ టైమ్ సిస్టమ్, అంటే 4డబ్ల్యూడీ వేస్తే ముందు వెనక యాక్సిళ్ళకి వెళ్ళే షాఫ్టులు ఒకే స్పీడులో తిరిగేలా లాక్ అయిపోతాయి, ముందు వెనక చక్రాలు మలుపులో వేరే వేరే దూరాలు తిరగాల్సి వచ్చినప్పుడు మధ్యలో నలిగేది ట్రాన్స్‌ఫర్ కేసే.

షాపులో ఎంతవుద్దని అడిగితే ఒక్కోదానికి వంద డాలర్ల పైనే చెప్పారు, ఏ ఆయిల్ పోస్తారని అడిగితే డ్రమ్ములో ఉన్న గేర్ ఆయిల్ అన్నారు, మూడింటికీ అదేనా అంటే అవునన్నారు. అక్కడే లేచి వచ్చేసా. మీకు టైమ్ లేక షాపులో ఇచ్చినా తప్పేం లేదు, కానీ ట్రాన్స్‌ఫర్ కేస్ లోకి ఏ గ్రేడ్ పోస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి, లేదా ఆయిల్ మీరే కొని ఇవ్వండి.

ఇండియాలో హైలక్స్ గానీ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ గానీ ఉన్నవాళ్ళకి పద్ధతి ఇదే, ఫిల్ ప్లగ్ ముందు, కొత్త వాషర్లు, బండి సమానంగా. ఆయిల్ గ్రేడ్ మాత్రం ఇక్కడ చదివి కొనెయ్యకండి, మీ బండి పుస్తకంలో ఏముంటే అదే. పొలాల్లో, గనుల దగ్గర దుమ్ములో బరువులతో తిరిగే బండ్లకి నేను ఆగినన్ని మైళ్ళు ఆగొద్దు, టొయోటా కూడా బరువులు లాగే వాళ్ళకి చాలా ముందుగానే మార్చమంటుంది.

పాత ఆయిల్ ని అవే ఖాళీ బాటిళ్ళలో నింపి ఆటోజోన్ లో ఇచ్చేసా, గేర్ ఆయిల్ కూడా ఫ్రీగానే తీసుకుంటారు, ఇంజిన్ కూలెంట్ లాంటివి ఏవీ అందులో కలపకుండా ఉంటే చాలు.