నైసిన్ పొడి: బూజు ముందు మాత్రం పనికిరాలేదు

ఆహారం చెడిపోకుండా కలిపే నైసిన్ పొడి డబ్బా మీద ‘సహజ సంరక్షకం, సూక్ష్మజీవులన్నింటికీ అడ్డుకట్ట’ అని రాసి ఉంది. ‘అన్నింటికీ’ అన్న మాట చూడగానే నాకు అనుమానం వచ్చింది.

మా ప్రయోగశాలలో ప్రాసెస్డ్ చీజ్‌లో కలిపి, గది ఉష్ణోగ్రతలోనే వదిలేశాను. పొడి కలపని గిన్నెలు మూడో వారానికి ఉబ్బాయి, మూత తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. కలిపినవి చెక్కుచెదరలేదు. ఇంతవరకు పూర్తి మార్కులు. లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే ఈ పదార్థం గ్రామ్-పాజిటివ్ బ్యాక్టీరియా (అదనపు బయటిపొర లేని రకం) కణపొరకు చిల్లులు పొడుస్తుంది. 1969లోనే ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం దీన్ని అంగీకరించింది.

అయితే రెండు గిన్నెల్లో అంచు వెంట బూజు పట్టింది. పట్టదా మరి! బూజు, ఈస్టుల మీద నైసిన్ పనిచేయదు. సాల్మొనెల్లా, ఈ.కోలై వంటి బ్యాక్టీరియాకైతే ఆ బయటిపొరే కవచం. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు.

చిన్న అక్షరాల్లో మరొకటి కనిపించింది: నైసిన్ 2.5 శాతమే, మిగతాది చాలావరకు ఉప్పు. మార్కెట్లో ఇది మామూలే గానీ, మోతాదు లెక్కించేటప్పుడు నేనే ఒకసారి పొరపడ్డాను. మళ్లీ కొంటాను, చీజ్ కోసం మాత్రమే.