రీఫ్ ట్యాంకుకి ఇంట్లో చేసే ఫ్రోజెన్ ఫుడ్: ఏ సరుకు పనికొస్తుంది, ఏది దండగ

రీఫ్ ట్యాంకు (సముద్రపు చేపలనీ, కోరల్స్ అనే పగడపు జీవులనీ కలిపి పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టుకుని, గడ్డకట్టించి అమ్మే రెడీమేడ్ మేత క్యూబులు మానేసి మేత ఇంట్లోనే చేసుకుందామనుకునేవాళ్లు ముందు అడిగేది రెసిపీ గురించే. నన్నడిగితే రెసిపీ ఎవరిదైనా ఒకటే, సరుకులోనే ఉందంతా. మిక్సీలో వేసి తిప్పాక ఏదైనా మేతలాగే కనిపిస్తుంది, చేపలూ ఎగబడి తింటాయి, లోపం మాత్రం కొన్ని నెలలకి గానీ బయటపడదు. నేను వాడుతున్న, వాడి మానేసిన సరుకుల మీద నా అభిప్రాయం రాస్తున్నాను.

అందరూ మొదలుపెట్టేది రొయ్యలతో. మంచివే, కానీ కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అనో, ఈ451 అనో ఉంటే అక్కడే పెట్టేయండి. మాంసం నీరు వదలకుండా, బరువు తూగేలా కలిపే ఫాస్ఫేట్ అది, మన ట్యాంకులోకి వస్తే నాచుకి ఎరువే. స్కాలప్స్ అనే గుల్లజీవుల మాంసంతోనూ ఇదే గొడవ. రొయ్యలు ఉడికించినవి కాకుండా పచ్చివి తీసుకోండి, పెంకు మొత్తం ఒలిచి పారేయకండి. చేపల ఎరుపు, నారింజ రంగులు నిలబడటానికి కావలసిన ఆస్టాజాంథిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా ఆ పెంకులోనే ఉంటుంది.

అసలు విషయం ప్రొటీన్ కాదు, కొవ్వు. ప్రొటీన్ దేన్నుంచైనా వస్తుంది. సముద్రపు చేపలకి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు మేతలోంచే రావాలి, వేరే కొవ్వుల నుంచి వాటంతట అవి సరిపడా తయారు చేసుకోలేవు. ఈ లెక్కన చూస్తే పెద్ద ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే, చిన్న రొయ్యలాంటి జీవి) చాలా తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది: సప్లిమెంట్ పట్టించకపోతే అందులో ఉండేది చాలావరకు నీళ్లే. మొండికేసిన కొత్త చేపని తిండికి అలవాటు చేయడానికి బాగుంటుంది, రోజువారీ మేతగా చాలదు. మైసిస్ (రొయ్యలాంటిదే మరో చిన్న జీవి) దానికంటే ఎన్నో రెట్లు నయం. తెల్లచేప ఫిల్లెట్ శుభ్రంగా ఉంటుంది, సగం గిన్నె నింపుతుంది, అంతకుమించి దానికి గొప్ప చెప్పలేను. బీఫ్ హార్ట్ కొంతమంది ఇప్పటికీ వేస్తున్నారు, భూమ్మీద జంతువుల కొవ్వు సముద్రపు చేపలకి పడదు, నేనైతే దగ్గరికి రానివ్వను.

నా ఫస్ట్ ర్యాంక్ చేప గుడ్లకి. కొవ్వు, విటమిన్లు రెండూ ఉన్న సరుకు, పైగా చిన్న గుడ్డు చాలా కోరల్స్ నోటికి సరిగ్గా సరిపోతుంది, మిక్సీ అక్కర్లేదు. రంగు, ఉప్పు కలిపి అమ్మేవి కాకుండా చూసుకోండి. రెండోది సాల్మన్, కానీ కొంచెం చాలు, ఎక్కువైతే నూనె పైకి తేలి స్కిమ్మర్‌లో (నురగతో నీళ్లలోని మురికిని లాగే పరికరం) నురగ కూలిపోతుంది.

మసల్స్, క్లామ్స్ అనే గుల్లజీవులు, నెత్తళ్లు, హెర్రింగ్ చేపలు లాంటివాటి విషయంలో ఒక మెలిక ఉంది. వీటిలో చాలా రకాల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే పోతుందనుకుంటారు, పోదు. వేడికి పోతుంది. కాబట్టి పచ్చి మసల్స్‌నే ప్రధాన సరుకుగా పెట్టుకోవద్దు, కొద్దిగా కలపండి, మిగతాది స్క్విడ్, రొయ్య, చేపలతో నింపండి.

నాచు తినే టాంగులూ రాబిట్‌ఫిష్‌లూ ఉన్న ట్యాంకయితే నోరి (రేకులుగా ఎండబెట్టిన సముద్రపు నాచు) తప్పనిసరి. మసాలా, నూనె, ఉప్పు లేని సాదా రకం తెచ్చి, నానబెట్టకుండా కత్తెరతో సన్నగా తరిగి చివర్లో కలపాలి. పాలకూర లాంటివి వేయకండి, ఆక్సలేట్లు తప్ప దాంట్లో పెద్ద లాభం లేదు. వెల్లుల్లి వేస్తే ఇచ్ (చేపలకి వచ్చే తెల్లమచ్చల జబ్బు) తగ్గుతుందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు, రుచికి లాగుతుందేమో గానీ మందు అని నేను ఒప్పుకోను.

తయారీలో నేను పట్టించుకునేవి రెండే. సరుకు సగం గడ్డకట్టి ఉండగానే మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, ముద్ద కాకూడదు: కొన్ని ముక్కలు చేప నోటికి, కొంత తురుము కోరల్‌కి. తర్వాత సన్న జల్లెడలో వేసి ఆర్‌ఓ నీళ్లు పోస్తే కింద పాలలాంటి నీళ్లు దిగుతాయి చూడండి, కడగకపోతే అదంతా ట్యాంకులోకి పోయి నైట్రేట్, ఫాస్ఫేట్ అయ్యేది. నీళ్లు తేటపడేదాకా కడగాలి. కడిగితే విటమిన్లు కొన్ని పోతాయనే మాట నిజమే, అందుకే విటమిన్ సప్లిమెంట్ కడిగాకే కలపాలి, ముందు కాదు.

జిప్ కవర్‌లో పలచని అట్టలా పరిచి, గాలి మొత్తం తీసేసి, కవర్ మీదుగానే స్కేలుతో గళ్లు నొక్కి ఫ్రీజ్ చేస్తే కావలసినంత ముక్క విరుచుకోవచ్చు. పెద్ద గడ్డగా పెడితే ప్రతిసారీ కరిగించి మళ్లీ గడ్డకట్టించాలి, ఆ పని అసలు చేయకూడదు. కవర్ మీద తేదీ రాయండి. మైనస్ 18 డిగ్రీల్లో కూడా ఒమేగా-3 కొవ్వు మెల్లగా చెడుతూనే ఉంటుంది, అందుకని మూడు నెలలకి మించి సరిపోయేంత ఒకేసారి చేయొద్దు. అట్ట అంచులు పసుపు తిరిగి, విరిచినప్పుడు పాడైన నూనె వాసన వస్తే చెత్తబుట్టలో పడేయడమే.