బ్లాగు కోసం సోషల్ మీడియా: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ఏ సైట్‌లో షేర్ చేస్తే బ్లాగుకి డబ్బులొస్తాయని చాలామంది అడుగుతుంటారు. దాదాపు అన్నీ వాడి చూశాక నేను చెప్పేది ఇదే: అవి మనుషుల్ని పంపిస్తాయి, అంతవరకే. వచ్చినవాళ్లలో ఎంతమంది ఆగి చదివారు, ఎంతమంది మళ్లీ వచ్చారు అన్నదాని మీదే ఆదాయం ఆధారపడుతుంది. అందుకే లైకులు పక్కనపెట్టి ఆ లెక్కనే చెబుతున్నాను.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది పింటరెస్ట్. నిజానికి అది బొమ్మలతో నడిచే సెర్చ్ ఇంజిన్. మిగతాచోట్ల పోస్టు మర్నాటికల్లా కిందకి వెళ్లిపోతుంది, ఇక్కడ ఎప్పుడో పెట్టిన పిన్ (లింకుతో ఉండే బొమ్మ పోస్టు) నెలలు గడిచినా జనాన్ని తెస్తూనే ఉంటుంది. 1000×1500 పిక్సెల్స్ నిలువు బొమ్మ చేసి, జనం వెతికే మాటలనే శీర్షికలో పెట్టాలి. వంటలు, కుట్టుపని, ఇంటి అలంకరణ, ప్రయాణాల మీద రాసేవాళ్లు ముందు ఇక్కడికే రావాలి. కథలు, రాజకీయ విశ్లేషణలు రాస్తుంటే మాత్రం దీని జోలికి పోనక్కర్లేదు.

ఫేస్‌బుక్‌లో పేజీ కన్నా గ్రూపులు మేలు. స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే న్యూస్ ఫీడ్‌లో పెద్దపీట వేస్తామని 2018 జనవరిలో ఆ సంస్థే ప్రకటించింది, కాబట్టి పేజీలో ఫాలోవర్లు ఎందరున్నా లింకు అందరికీ కనబడుతుందని అనుకోకూడదు. గ్రూపులో అయినా లింకు పడేసి వెళ్లిపోతే లాభం లేదు, అడ్మిన్ తీసేస్తారు. ఎవరైనా సందేహం అడిగితే అక్కడే పూర్తిగా జవాబు రాసి, ఇంకా వివరాలు కావాలంటే చూడండి అని చివర్లో లింకిస్తే వచ్చేవాళ్లు తక్కువే గానీ, వ్యాసం చివరిదాకా చదివేదీ, కామెంట్ పెట్టేదీ వాళ్లే.

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో ఇచ్చిన లింకు నొక్కితే తెరుచుకోదు, బయోలోనో స్టోరీలో స్టికర్‌గానో పెట్టాలి. ఆ స్టికర్ 2021 అక్టోబర్ నుంచి అందరికీ అందుబాటులో ఉంది. బ్లాగుకి విజిట్స్ తేవడంలో ఇది వెనకే, కానీ స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీలు ముందు చూసేది దీన్నే, అందుకని వదలను. ఎక్స్ (పాత ట్విటర్) తోటి బ్లాగర్లతో పరిచయాలకు బాగుంటుంది, అంతే.

ఇక డబ్బు సంగతి. ఫీడ్‌లో స్క్రోల్ చేస్తూ వచ్చిన మనిషి కొనే మూడ్‌లో ఉండడు. అమెజాన్ అఫిలియేట్ లింకు (దాని ద్వారా ఎవరైనా కొంటే మనకి కమీషన్ వచ్చే లింకు) నొక్కాక 24 గంటల్లోగా కార్ట్‌లో వెయ్యకపోతే సాధారణంగా మనకి కమీషన్ రాదు. కాబట్టి అఫిలియేట్ లింకు నేరుగా పోస్టులో పెట్టకుండా, ఆ వస్తువు గురించి మంచీ చెడూ రెండూ రాసిన వ్యాసానికి రప్పిస్తాను. లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుందని వ్యాసం పైనే చెబుతాను, అది పాఠకుడికి తెలియాల్సిన విషయం. యాడ్‌సెన్స్ (బ్లాగులో గూగుల్ చూపించే యాడ్స్) ఉన్నవాళ్లకి ఒక్క మాట: గ్రూపుల్లో "నా యాడ్స్ నొక్కండి, నేను మీవి నొక్కుతా" అనే ఒప్పందాల్లోకి దయచేసి వెళ్లకండి, నిబంధనలకు విరుద్ధం, అకౌంటే పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఫాలోవర్లు మన ఆస్తి కాదు. గూగుల్ తన సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్‌ని 2019 ఏప్రిల్‌లో మూసేసినప్పుడు అక్కడ ఏళ్లుగా కూడగట్టుకున్న పాఠకులు బ్లాగర్లకి ఒక్కసారిగా దూరమయ్యారు. సోషల్ మీడియా నుంచి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఈమెయిల్ లిస్టులోకి ఆహ్వానించాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఈ-బుక్ అయినా, కోర్సు అయినా నా దగ్గర కొనేది ఎక్కువగా ఆ లిస్టులోవాళ్లే.

ఇంకోటి, షేర్ చేసే ప్రతి లింకుకీ యూటీఎం ట్యాగ్ (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపేందుకు లింకు చివర చేర్చే గుర్తు) తగిలించండి, లేకపోతే మెసేజింగ్ యాప్‌ల నుంచి వచ్చినవాళ్లు చాలావరకు అనలిటిక్స్‌లో (విజిట్స్ లెక్క చూపే టూల్‌లో) "డైరెక్ట్" కింద కలిసిపోతారు, ఏ సైట్ మీద టైమ్ పెట్టాలో, దేన్ని మానెయ్యాలో తేలదు.