పాత మారియోలో అడ్డదారులు: ఇన్నేళ్లు వాడాక ఏది పనికొచ్చింది, ఏది ఊరికే హడావుడి

ముందే చెప్పేస్తా, ఇది గేమ్ రివ్యూ కాదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ బాగుంటదా లేదా అని ఇప్పుడు అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ గేమ్‌లో ఉన్న లొసుగులు, అంటే గ్లిచ్‌లు, వాటిని వాడుకుని స్టేజీలు ఎగ్గొట్టే అడ్డదారులు ఉంటాయి చూడండి, వాటి రివ్యూ ఇది. గుంటూరు బ్రాడీపేటలో స్కూల్ రోజుల్లో మొదలుపెట్టి, మధ్యలో చదువు ఉద్యోగం పెళ్లి అన్నీ వచ్చి గ్యాప్‌లు పడినా మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వచ్చి ఆడుతున్నా కాబట్టి ఆ మాత్రం చెప్పే అర్హత ఉందనుకుంటున్నా. నా తీర్పు ఏంటంటే, వరల్డ్‌లకి వరల్డ్‌లు దాటించే ట్రిక్కులు బంగారం, సెకన్లు మిగిల్చే ట్రిక్కులు ఒక రకం పిచ్చి, మైనస్ వరల్డ్ అని గ్లిచ్‌తో దొరికే దొంగ వరల్డ్ మాత్రం ఒకసారి చూసి దండం పెట్టి వదిలేయాల్సిన బాపతు.

అసలు అడ్డదారి ఎందుకు అనేవాళ్లకి ఆ రోజుల్లో మా పరిస్థితి తెలియదు. ఈ గేమ్‌లో 8 వరల్డ్‌లు, ఒక్కోదాంట్లో 4 చొప్పున 32 స్టేజీలు, సేవ్ చేసుకునే ఏర్పాటు ఎక్కడా లేదు. గుంటూరు ఎండాకాలం, మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోయిద్దో ఎప్పుడొచ్చిద్దో ఎవరికీ తెలీదు, 6-3లో, అంటే 6వ వరల్డ్ మూడో స్టేజీలో, చెమటలు కక్కుకుంటా ఆడుతుంటే టీవీ టప్పున ఆగిందంటే మళ్లీ 1-1 నుంచే. కరెంటు ఉన్నా లాభం లేదు, సాయంత్రం సీరియల్ టైంకి అమ్మమ్మ వచ్చి "ఏరా నాన్నా, అయిందా నీ బొమ్మలాట" అని మంచమ్మీద కూర్చుందంటే ఇంక వైరు పీకేయాల్సిందే. అట్టాంటి ఇంట్లో గేమ్ చివరి కోట చూడాలంటే అడ్డదారి తప్ప ఇంకో దారి లేదు, అది సరదా కోసం నేర్చుకున్నది కాదు.

మొదటి అడ్డదారి అసలు గ్లిచ్చే కాదు, చేసినవాళ్లు కావాలని పెట్టిన వార్ప్ జోన్, అంటే నేరుగా వేరే వరల్డ్‌లకి పంపే పైపులున్న చోటు. 1-2లో ఇటుకల పైకప్పు ఎక్కి చివరిదాకా పరిగెత్తితే మూడు పైపులు వస్తాయి, ఎడమ పక్కది 4వ వరల్డ్‌కి పోయిద్ది. 4-2లో ఒక ఇటుకలో తీగ దాక్కుని ఉంటది, అదెక్కితే 8వ వరల్డ్ పైపు దొరికిద్ది. అంటే 1-1, 1-2, 4-1, 4-2, తర్వాత 8-1 నుంచి 8-4, మొత్తం 8 స్టేజీలు ఆడితే గేమ్ అయిపోద్ది. ఇంకోటి కూడా చాలామందికి తెలీదు, గేమ్ ఓవర్ అయ్యాక టైటిల్ స్క్రీన్ మీద ఎ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిన వరల్డ్ మొదటి స్టేజీ నుంచే మొదలైద్ది. ఈ ఒక్క సంగతి ఆ రోజుల్లో మాకెవరన్నా చెప్పుంటే సగం గొడవలు తప్పేవి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, 4-2 రాంగ్ వార్ప్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి. మామూలుగా అయితే ఆ తీగ కోసం కనపడని బాక్సుల్ని తలతో గుద్ది బయటికి తెచ్చి, వాటి మీద ఎక్కి, ఇటుక కొట్టి, తీగ పెరిగేదాకా ఆగి, ఎక్కి, ఇట్టా బోలెడు టైం తినేస్తది. ఆ తీగ దాటాక ముందుకెళ్తే ఒక పైపు ఉంటది, అందులో దిగితే కాయిన్స్ గది, అంతే. ఇక్కడ లొసుగు ఏంటంటే, "ఇప్పుడు పైపు దిగినా తీగ ఎక్కినా ఎక్కడికి పంపాలి" అనేది గేమ్ ఒక్క చోటే రాసి పెట్టుకుంటది, స్క్రీన్ ఇంత దూరం జరిగింది అని చూసుకుని దాన్ని మారుస్తది. మారియో ఎక్కడున్నాడు అని కాదు, స్క్రీన్ ఎంత జరిగింది అని. మామూలుగా మారియో స్క్రీన్ మధ్యకి దగ్గర్లో ఒకే చోట ఉంటాడు కాబట్టి రెండూ ఒకటే. కానీ వెనక్కి మొహం పెట్టి దూకి ఇటుక అంచులో ఇరికించారనుకోండి, గేమ్ ఆయన్ని బయటికి నెట్టిద్ది, ఆ నెట్టుడులో మారియో కుడి పక్కకి జరుగుతాడు గాని స్క్రీన్ జరగదు. అట్టా కొన్ని పిక్సెల్స్, అంటే స్క్రీన్ మీది చుక్కలు, సంపాదించుకుని పోయి ఆ పైపులో దిగితే, స్క్రీన్ ఇంకా ఆ గుర్తు దాకా రాలేదు కాబట్టి గేమ్ దృష్టిలో మీరు ఎక్కింది తీగే. కాయిన్స్ గదికి బదులు నేరుగా వార్ప్ జోన్‌కి పోతారు!

మొదటిసారి పడినప్పుడు ఒళ్లు జలదరించింది నిజంగా. ఎంతో కాలంగా కాయిన్స్ గది అని తెలిసిన పైపు, దిగితే ఇంకో చోట తేలడం. ఇది నేర్చుకోవడం కూడా మరీ కష్టమేం కాదు, ఎక్కడ దూకాలి అని ఒక ఇటుక గుర్తు పెట్టుకుంటే చెయ్యి దానంతటదే అలవాటు పడిద్ది. పడకపోతే వచ్చే నష్టం కూడా పెద్దదేం కాదు, కాయిన్స్ గదిలో పడి బయటికొస్తారు, ముందుకెళ్తే 5వ వరల్డ్ వార్ప్ పైపు ఎట్టాగూ ఉంది.

గోడ జంప్ రెండో ర్యాంక్. మారియో స్పీడుగా వచ్చి గోడకి గుద్దుకున్నప్పుడు ఆయన పాదం ఒక్క పిక్సెల్ గోడలోకి దిగిద్ది, సరిగ్గా రెండు ఇటుకలు కలిసే గీత దగ్గర అట్టా జరిగితే ఒక్క ఫ్రేమ్ పాటు, అంటే స్క్రీన్ మీద ఒక్క బొమ్మ మారేంత సేపు, నేల మీద నిలబడ్డట్టు గేమ్ అనుకుంటది, ఆ ఫ్రేమ్‌లో ఎ నొక్కితే గాల్లోంచి మళ్లీ జంప్. గోతిలో పడబోయి గోడకి తన్ని పైకొస్తే పక్కన చూసేవాళ్ల మొహాలు చూడాలి. 8-4లో కనపడని బాక్స్‌ని వెతుక్కోకుండా పై పైపు ఎక్కడానికి ఇది నిజంగా పనికొస్తది. కానీ నమ్ముకోదగ్గది కాదు, నాకు ఇప్పటికీ వస్తే వచ్చిద్ది లేకపోతే లేదు.

మైనస్ వరల్డ్ గురించి ఎంత ప్రచారమో. 1-2 చివర పైపు పైన గోడని ఆనుకుని ఉన్న ఒక్క ఇటుక వదిలేసి దాని పక్కవి పగలగొట్టాలి, పైపు ఎడమ అంచున ఎడమ పక్కకి మొహం పెట్టి కూర్చుని జంప్ చేసి గాల్లో కుడి నొక్కాలి, కుదిరితే మారియో గోడలోంచి నడుచుకుంటా అటు పక్క వార్ప్ జోన్‌లో తేలతాడు. అక్కడ స్క్రీన్ ముందుకి జరిగి ఇంగ్లీషులో వెల్‌కమ్ అని అక్షరాలు పడకముందే మొదటి పైపులో దిగిపోవాలి. అప్పటికి ఆ పైపుల నంబర్లు ఇంకా సరిగా ఎక్కించి ఉండవు, 4-2వి పడి ఉంటాయి, ఆ మొదటి పైపుకి ఉన్న నంబరు 36. ఆ 36వ బొమ్మ స్క్రీన్ మీద ఖాళీ గడి కాబట్టి "వరల్డ్ -1" అని కనపడిద్ది. అది మైనస్ కూడా కాదు, వరల్డ్‌కీ స్టేజీకీ మధ్య ఉండే గీత. లోపల నీళ్ల స్టేజీ, చివర పైపులోకి దూరితే మళ్లీ అదే నీళ్లు, టైం అయిపోయి చచ్చేదాకా అంతే. జపాన్‌లో వచ్చిన డిస్క్ వెర్షన్‌లో అయితే మూడు స్టేజీలుండి ముగుస్తది, మన క్యాసెట్లలో ఆ భాగ్యం లేదు. మా వీధిలో దీని మీద ఎన్ని కథలో, లోపల ఇంకో రాణి ఉందని ఒకడు, 100 వరల్డ్‌లు ఉన్నాయని ఇంకొకడు. అడ్డదారి అంటే ఎక్కడికో తీసుకెళ్లాలి కదా, ఇది ఎక్కడికీ తీసుకెళ్లదు. అయినా గోడలోంచి దూరే ఆ ఒక్క క్షణం మాత్రం చూడాల్సిందే, అందుకే ఒక స్టార్ ఎక్కువిస్తా.

3-1 మెట్ల దగ్గర తాబేలు చిప్పని మెట్టుకేసి తొక్కుతా లైఫులు పెంచుకునేది అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. 10కి చేరితే పదుల అంకె బదులు కిరీటం బొమ్మ పడిద్ది, అది చూసి క్యాసెట్ పోయిందని భయపడక్కర్లేదు. ఆశకి పోయి తొక్కుతానే ఉంటే మాత్రం లోపలి లెక్క 127 దాటగానే మైనస్‌లోకి దిగిద్ది, ఆ తర్వాత ఒక్కసారి చచ్చినా నేరుగా గేమ్ ఓవర్. పైగా అడ్డదారుల్లో పోయేవాడికి 3-1 అసలు తగలనే తగలదు, 1-2 నుంచి 4కి పోతాడు కదా.

ఇంక సెకన్ల పిచ్చి. ఇది ఒంటికి పట్టిందంటే వదలదు. ఈ గేమ్ స్టేజీ అయిపోయాక తర్వాతి దానికి వెంటనే మారదు, 21 ఫ్రేములకి ఒకసారి మాత్రమే మారొచ్చా లేదా అని చూసుకుంటది. అంటే మీరు 5 ఫ్రేములు ముందొచ్చినా ఒక్కోసారి లాభం సున్నా, ఒక్క ఫ్రేమ్ లేటైనా ఒక్కోసారి 21 ఫ్రేములు పోయినట్టే. అసలు సెట్‌లో సెకనుకి దాదాపు 60 ఫ్రేములు కాబట్టి అది 0.35 సెకను. దీన్ని దాటడానికే జెండా గ్లిచ్ అని ఒకటి, స్టేజీ చివర ఉండే జెండా కర్ర కింద ఉన్న దిమ్మలోకి మారియోని సరిగ్గా ఇరికిస్తే జెండా దిగే తతంగం లేకుండా నేరుగా కోటలోకి నడిచిపోతాడు. 8-2లో బుల్లెట్ మీద తొక్కి చేసేది ఇంకోటి ఉంది. ప్రపంచంలో పెద్ద ప్లేయర్లు ఇట్టాంటివన్నీ కలిపి ఆడతారు, 2021లో నిఫ్ట్‌స్కీ అనే ప్లేయర్ 4 నిమిషాల 55 సెకన్ల లోపు గేమ్ పూర్తి చేసిన మొదటివాడయ్యాడు. నేను జెండా గ్లిచ్ మీద పెట్టిన టైంలో గేమ్ మొత్తం ఏ అడ్డదారీ లేకుండా ఎన్నిసార్లు ఆడేవాణ్ణో లెక్కే లేదు, మిగిలింది మాత్రం సెకనులో మూడో వంతు. ఆదివారం పొద్దున్నే టిఫిన్ మానేసి 1-1 జెండా దగ్గర కూర్చుంటే మా ఆవిడ వచ్చి "ఇంకా అక్కడే ఉన్నాడేంటండీ ఆయన" అంటది, ఏం చెప్తాం.

మనోళ్లకి ఇంకో చిక్కుంది, అదెవరూ రాయరు. మన దగ్గర దొరికిన లోకల్ సెట్లు చాలావరకు మన టీవీలకి తగ్గట్టు సెకనుకి 50 ఫ్రేములతో నడిచేవి. మారియో అదే, స్టేజీలు అవే, కానీ అంతా కొంచెం నెమ్మది, పాట కూడా సాగదీసినట్టు వినపడేది, మేము అదే అసలు స్పీడ్ అనుకున్నాం. నేర్చుకోడానికి అది మేలే, వేలికి కాస్త ఎక్కువ టైం దొరికిద్ది. కానీ దాని మీద అలవాటైన చెయ్యితో తర్వాత 60 ఫ్రేముల మీద ఆడితే ప్రతి జంపూ లేటే. చాన్నాళ్లు పట్టింది నాకు సర్దుకోడానికి. ఇంక రిమోట్ల సంగతి, లోపలి రబ్బరు అరిగాక ఎడమ నొక్కితే కుడి కూడా పడేది, వెనక్కి మొహం తిప్పాల్సిన ట్రిక్కులన్నీ అక్కడే చెడేవి. "9999999 ఇన్ 1" క్యాసెట్లలో ఇదే మారియో నాలుగైదు పేర్లతో ఉండి ఒక్కోటి ఒక్కో వరల్డ్ నుంచి మొదలయ్యేది, అది నిజానికి అన్నిటికన్నా తేలికైన అడ్డదారి. కానీ దాంట్లో మజా ఏముంది?

మా పెదనాన్న కొడుకు అరండల్‌పేటలో ఉంటాడు, ఈ గేమ్‌లో మా ఇద్దరికీ ఎప్పుడూ పడదు. వాడు నాకన్నా పెద్దోడు, 32 స్టేజీలూ ఒక్కటి వదలకుండా ఆడే రకం. మొన్న సంక్రాంతికి కూడా అదే గొడవ. "ఒరేయ్, టికెట్ కొనకుండా గోడ దూకి సినిమాకి పోయినట్టుంటదిరా నీ ఆట" అన్నాడు. "అన్నయ్యా, ఆ గోడ ఎక్కడ పొట్టిగా ఉందో కనిపెట్టడమే నాకు సినిమా" అన్నా. వాడు చెప్పిన దాంట్లో కొంత న్యాయం ఉంది మరి, 5, 6, 7 వరల్డ్‌లు నేను సరిగా ఆడింది చాలా తక్కువ, 7-4 కోటలో దారి ఇప్పటికీ తడుముకుంటా. కానీ వాడికి 4-2లో ఆ పైపు ఎందుకు అట్టా చేస్తదో తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు, ఆ సంగతి నాకు అర్థం కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, పాత డబ్బా టీవీ ఇంట్లో ఉంటే పారేయకండి, దాని మీదే ఆడండి. కొత్త ఎల్ఈడీ టీవీల్లో బటన్ నొక్కినదానికీ మారియో ఎగిరేదానికీ మధ్య సన్నటి ఆలస్యం ఉంటది, గేమ్ మోడ్ ఆన్ చేస్తే తగ్గిద్ది గాని పూర్తిగా పోదు. గోడ జంప్ లాంటివి ఆ ఆలస్యంలోనే కొట్టుకుపోతాయి. ఫోన్ స్క్రీన్ మీద వేళ్లతో అయితే అసలు ప్రయత్నించొద్దు. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే పాత సెట్ గేమ్‌ల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్, అయితే స్లో మోషన్‌లో పెట్టి ఎక్కడ ఇరుక్కుంటున్నాడో చూస్తా నేర్చుకోవచ్చు, నాకు రాంగ్ వార్ప్ అట్టానే పట్టుబడింది. సెట్ ఆన్‌లో ఉండగానే మారియో క్యాసెట్ పీకి టెన్నిస్ క్యాసెట్ పెట్టి, మళ్లీ మార్చి వింత వరల్డ్‌లకి పోయే ట్రిక్ ఒకటుంది, నిజమే అది, కానీ క్యాసెట్టూ సెట్టూ రెండూ కాలిపోయే అవకాశం ఉంది, ఇప్పుడు అవి పోతే మళ్లీ దొరకవు, దాని జోలికి పోకండి. 4-2తో మొదలుపెట్టండి, ఒకవేళ కుదరకపోతే తర్వాతి ఆటలో తీగ అక్కడే ఉంటది కదా, ఎక్కి పోవచ్చు.