కరాచీ ఒంటెలు, ఆస్ట్రేలియా ఎడారి: ఒక రవాణా సేవ సమీక్ష

ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవాళ్ళు కొత్త ఖండానికి ఏనుగులనో ఒంటెలనో తోలి, అవి ఓడ దిగగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు లెక్కలన్నీ ఆ తర్వాతే. నిజంగా జరిగి అరవై ఏళ్ళకు పైగా నడిచిన సేవ ఒకటుంది కాబట్టి ముందు దాన్ని తూచి చూద్దాం. 1866లో థామస్ ఎల్డర్ అనే వ్యాపారి కరాచీ నుంచి 120కి పైగా ఒంటెలను దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాలో దించి, అక్కడి బెల్టానా పశుక్షేత్రంలో వాటి సంతతిని పెంచాడు. 1929లో రైలు ఆలిస్ స్ప్రింగ్స్ చేరేదాకా లోపలి ఊళ్ళకు పిండి, టీ, పనిముట్లు, అక్కడి నుంచి రేవుకు ఉన్ని మోసింది ఈ ఒంటెల బిడార్లే.

మోతలో దీనికి మంచి మార్కులే పడతాయి. ఎదిగిన మగ ఒంటె 300 నుంచి 400 కిలోలు మోస్తుంది. బాగా బలమైనవి 600 దాకా మోశాయి. నడక గంటకు నాలుగు కిలోమీటర్లు, రోజుకు పాతిక ముప్పై. రోజూ నీళ్ళు దొరికే దారిలో ఎద్దుల బండే మేలు, ఒక్క బండి మీదే టన్నుల సరుకు పోతుంది. నీటికీ నీటికీ మధ్య మూడు నాలుగు రోజుల నడక ఉన్నచోట మాత్రం ఒంటెకు సాటి లేదు.

అలాగని ఒంటెకు నీళ్ళే అక్కర్లేదని రాయకండి. చలికాలంలో, పచ్చిమేత దొరికితే వారాలు గడుపుతుంది. ఎండల్లో బరువు మోస్తుంటే కొద్ది రోజులకే నీళ్ళు పెట్టాలి. దప్పికగొన్న ఒంటె ఒక్క ఊపున 100 లీటర్లు తాగేస్తుంది. నలభై ఒంటెల బిడారుకు 4,000 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బకెట్‌తో 270 చేదలు. చిన్న ఊటబావి అయితే మధ్యలోనే అడుగంటుతుంది. బిడారు ఎంత పొడవుండాలో చెప్పేది సరుకు కాదు, దారిలోని బావులు.

జీను విషయంలో రాజీ పనికిరాదు. గడ్డి కూరిన రెండు పొడవాటి మెత్తలు మూపురానికి అటూ ఇటూ ఉండాలి, వాటిని కర్ర చట్రం కలిపి పట్టుకోవాలి, బరువు మూపురానికి తగలకూడదు. ఒంటెను కూర్చోబెట్టి, ఇద్దరు చెరో పక్క ఒకేసారి ఎత్తి కట్టాలి. ఒక పక్క బరువెక్కితే జీను ఒరిగి వీపు ఒరుసుకుంటుంది, పుండు పడిన ఒంటె వారాల తరబడి పనికి రాదు. గడ్డి అణిగినప్పుడల్లా మళ్ళీ కూరాలి. ముక్కుకు గుచ్చిన కర్రమేకు నుంచి ముందు ఒంటెకు కట్టేది సన్నటి దారమే అయి ఉండాలి. ఒక ఒంటె బెదిరి వెనక్కి లాగితే తెగాల్సింది దారం, ముక్కు కాదు.

ఇక ఇబ్బందులు. ఎల్డర్ మందను మొదట్లోనే గజ్జి పట్టి చాలావాటిని చంపింది. ఇసుకలో హాయిగా నడిచే మెత్తటి పాదం తడి బంకమట్టిలో జారుతుంది, కాళ్ళు రెండు పక్కలకీ చీలిపోతే ఆ జంతువు ఇక లేవదు. పదునైన రాళ్ళు అరికాళ్ళను కోస్తాయి. చలికాలంలో మదమెక్కిన మగది కరుస్తుంది, మోకాళ్ళతో అణగదొక్కుతుంది. గుర్రాలు ఒంటె వాసనకే బెదురుతాయి. గైరోస్టెమాన్ అనే పొదను అక్కడివాళ్ళు ‘ఒంటె విషం’ అనే పిలుస్తారు. కొత్త నేల మీద ఆకలిగా ఉన్న ఒంటెను చుట్టూ చూడకుండా మేతకు వదలడం ప్రమాదం.

వీటన్నిటినీ ఎరిగినవాళ్ళు ఆ ఒంటెలవాళ్ళే. అఫ్ఘానిస్తాన్, బలూచిస్తాన్, సింధ్, పంజాబ్‌ల నుంచి వచ్చిన వాళ్ళందరినీ కలిపి ‘అఫ్ఘాన్లు’ అన్నారు. ఈ సేవలో అన్నిటికన్నా విలువైన భాగం వాళ్ళే, అన్నిటికన్నా తక్కువ గౌరవం దక్కిందీ వాళ్ళకే. చాలామందికి పౌరసత్వం కూడా ఇవ్వలేదు.

ఈ సేవ ముగిసిన తీరుకు మాత్రం మార్కులు కోసేయాలి. లారీలు వచ్చాక ఒంటెలను ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. దక్షిణ ఆస్ట్రేలియా 1925లో వాటిని చంపేందుకు చట్టమే చేసింది. మనసొప్పనివాళ్ళు ఎడారిలోకి వదిలేశారు. అవి లక్షలకు పెరిగి నీటిగుంటలను పాడుచేయడంతో 2009–2013 మధ్య లక్షన్నరకు పైగా ఒంటెలను తొలగించాల్సి వచ్చింది.

ఇలాంటి ప్రయోగమే అమెరికా సైన్యమూ చేసింది. 1856లో టెక్సాస్‌లోని ఇండియనోలా రేవులో 34 ఒంటెలను, మరుసటి ఏడాది 41ని దించింది. నడకలో అవి విఫలం కాలేదు, 1857లో ఎడ్వర్డ్ బీల్ పడమటి దారి వేస్తూ వాటిని మెచ్చుకున్నాడు. అయితే వాటితో వచ్చిన ఒంటెలవాళ్ళు కొద్దిమందే, సైనికుల చేతులు కంచరగాడిదలకు అలవాటుపడినవి. 1861లో అమెరికా అంతర్యుద్ధం రాకపోయుంటే ఆ ప్రయోగం గెలిచేదని చాలా కథలు అనుకుంటాయి. నాకది సరిపోదు. చూడి కాలం పదమూడు నెలలు, ఒక ఈతకు ఒకే పిల్ల, ఈతల మధ్య రెండేళ్ళు. 1857లో పుట్టిన మగపిల్ల నిండు బరువు మోసేసరికి 1863. ముప్పై ఆడ ఒంటెలున్నా ఏడాదికి ఏడెనిమిది మగపిల్లలే, చావులు తీసేయకుండానే. కథలో టెక్సాస్ ఒంటెల సేవను గెలిపించాలంటే ఓడ 1848లోనే కదలాలి, అందులో ఆడవి ఎక్కువుండాలి, వాటితో కనీసం పాతికమంది ఒంటెలవాళ్ళు కుటుంబాలతో దిగి, దగ్గర్లోనే ఒక పెంపకశాల పెట్టుకోవాలి.